చలి రాకముందే ఇల్లు చక్కదిద్దుకొనుట

కార్తికమాసపు సంధ్యవేళ నర్సీపట్నము వెలుపల నిలిచి మన్యపు కొండలవైపు చూచినవారికి ఒక వింత కనబడును. ఇండ్లనుండి లేచిన పొగ వేసవిలో వలె నింగికి పోదు. తాటిచెట్ల తలల యెత్తువరకు లేచి, అచ్చట ఆగి, తెల్లని దుప్పటి పరచినట్లు పొలములమీద అడ్డముగా సాగిపోవును. పెద్దలు దానిని చూచి "చలి దిగినది" అందురు. ఆ మాటలో శాస్త్రము కలదు. మన ప్రాంతమునకు చలి నిజముగా పైనుండి దిగియే వచ్చుచున్నది.

నర్సీపట్నము మైదానమునకు చివర, మన్యమునకు మొదట నున్న ఊరు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఇది రెవిన్యూ డివిజను కేంద్రము. ఇచ్చట ఘాటురోడ్డెక్కినచో, అదే దినమున ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి వచ్చును. లంబసింగి సముద్రమట్టమునకు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున నున్నది. వెయ్యి మీటర్లు పైకి పోవుసరికి సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. కాని లంబసింగిలో కొన్ని యేండ్లు తెల్లవారుజామున వేడిమి సున్నకు చేరువగా పోవుటకు ఈ ఎత్తు ఒక్కటియే చాలదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకసమునకు వదలివేయును. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కును. బరువెక్కిన గాలి నీటివలె వాలు వెంట జారి, పల్లములలో నిండును. దానిపైన కొంత వెచ్చని గాలి పొర మూతవలె నిలుచును. ఆ మూతను దాటలేకయే పొగ అడ్డముగా సాగును. ఉదయపు మంచుతెర ఎండ యెక్కువరకు కదలకపోవుటకును కారణమిదియే.

ఈ మూత సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను. ఏలయన చలికాలములో మనము ఇంటిలోపల చేయు పనియు ఇదియే. తలుపులు మూయుదుము, కిటికీలు మూయుదుము, కంతలకు గుడ్డలు కుక్కుదుము. మన ఇండ్లు ఎండకాలమునకై కట్టినవి. ఎత్తయిన కప్పు, ఎదురెదురు ద్వారములు, చల్లని గచ్చునేల, ఇవన్నియు వేడిని బయటికి పంపుటకు ఏర్పడిన సాధనములు. శీతదేశములవారు గోడలలోనే వెచ్చదనము కట్టుకొందురు. మనకు చలి గట్టిగా నుండునది పది పండ్రెండు వారములు మాత్రమే. "ఈ పాటి చలికి ఏర్పాట్లెందుకు?" అని ఊరకుండి, ఒకనాటి రాత్రి వణకు పుట్టగానే చేతికందినదానితో ఇల్లు బిగించుకొందుము. ఆ తొందరలోనే అపాయము దాగియున్నది. చలికాలపు సన్నాహమనగా ఏమి మూయవలెనో, ఏమి తెరచి యుంచవలెనో ముందుగా నిర్ణయించుకొనుట. ఈ ప్రసంగములో నేను చెప్పబోవు విషయమంతయు ఆ ఒక్క మాటకు వివరణయే.

మన తీరమున చలి ఒంటరిగా రాదు. గాలివాన వెనుక వచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతములో తుఫానులు పుట్టు కాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నమువద్ద తీరము దాటినది. 2012 నవంబరు మొదటివారములో నీలం తుఫాను ఎక్కడనో తమిళనాట తీరము దాటిన తరువాత దాని ప్రభావమున విశాఖ, తూర్పు గోదావరి జిల్లాలలో కుంభవృష్టి కురిసినది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్లవద్ద తీరము దాటి, కోతకు వచ్చిన వరిని పడగొట్టినది. కావున దీపావళి వెళ్ళినదని వాన వెళ్ళినట్లు కాదు. చలికి ఇల్లు సిద్ధము చేయువారు ముందుగా కప్పు చూచుకొనవలెను.

గాలి కప్పును నెట్టి పడవేయునని చాలమంది అనుకొందురు. వాస్తవమునకు గాలి కప్పును ఎత్తివేయును. కప్పుమీదుగా వేగముగా పోవు గాలి పైకి పీల్చును. గాలివైపు తలుపు తెరచియున్నచో లోపల దూరిన గాలి క్రిందనుండి నెట్టును. గాలివేగము రెండింతలైనచో దాని బలము నాలుగింతలగును. ఈ లాగుడు ఎక్కువగా నుండునది కప్పు అంచులయందును, నడికొప్పుమీదను. అందుచేత పెంకుటింటివారు చూరు వరుసను, కొప్పు వరుసను తప్పక పరీక్షించి, కదలిన పెంకులను సున్నముతోనో సిమెంటుతోనో కూర్చవలెను. తాటాకు ఇంటివారు వాసాలను గోడమీది దూలమునకు ఇనుపతీగెతో బిగించి, కప్పుపైన తాళ్ళతో వలవలె అల్లి చూరువద్ద దిగగట్టుట మేలు. రేకుల ఇంటివారు తుప్పుపట్టిన కొక్కెములను మార్పించుకొనవలెను. గాలివాన సమయమున గాలికి ఎదురుగా నున్న తలుపులు గట్టిగా మూయవలెను. ఇది మూయవలసిన వేళ.

డాబా ఇంటివారికి మరియొక చిక్కు కలదు. చెత్తయు ఆకులును చేరి తూములు మూసికొనిపోయినచో వాననీరు మీదనే నిలుచును. చదరపు మీటరు స్థలమున పది సెంటీమీటర్ల లోతు నీరు నిలిచినచో దాని బరువు నూరు కిలోలు. ముప్పది చదరపు మీటర్ల డాబామీద అది మూడు టన్నులగును. ఆ బరువు ఒక యెత్తు. పగుళ్ళవెంట దిగిన చెమ్మ మరియొక యెత్తు. చెమ్మపట్టిన గోడ చలికాలమంతయు గదిని చల్లగా నుంచును, బూజు పెంచును, ఉబ్బసమున్నవారిని బాధించును. వాన వెలసిన వెంటనే పగుళ్ళు పూడ్పించి, గోడ బాగుగా ఆరిన పిమ్మట సున్నము వేయించినచో బూజు అణగును. తడిగోడమీద రంగు వేయించుట డబ్బు నీటిలో వేయుటయే.

ఇంటిమీదికి వంగిన కొమ్మలను అక్టోబరుకు ముందే కొట్టించవలెను. మునగచెట్టు మిక్కిలి పెళుసైనది. దానిని కప్పుకు దూరముగా నుంచుట మంచిది. కరెంటు తీగెలను తాకు కొమ్మలను మాత్రము మీరు ముట్టరాదు. విద్యుత్తు శాఖవారికి తెలిపి వారిచేతనే కొట్టించవలెను.

వానలు వెనుకబట్టిన తరువాత నీటి సంగతి చూడవలెను. వరద మురుగు చేరిన బావినీరు తేటగా కనబడినంత మాత్రమున శుభ్రమైనదని నమ్మరాదు. బావిలోని నీటి కొలత తెలిసికొనుటకు సులభమైన లెక్క కలదు. బావి వెడల్పును మీటర్లలో కొలిచి, దానిని అంతటితోనే గుణించి, నీటిలోతుతో గుణించి, మరల 785తో గుణించినచో లీటర్లు వచ్చును. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు ఉన్న బావిలో సుమారు 9,400 లీటర్లుండును. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి చొప్పున దీనికి ఇరువది నాలుగు గ్రాములు కావలెను. పొడిని బొక్కెనలో ముద్దగా కలిపి, నీరు పోసి, పది నిమిషములు తేరనిచ్చి, పైతేటను మాత్రము బావిలో కలిపి, గంటసేపు ముట్టకుండ నుంచవలెను. నీరు బురదగా నున్నచో ఈ కొలత చాలదు. ఆరోగ్యకార్యకర్తను పిలిచి చూపించవలెను.

దొడ్డిలో పడియున్న కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, పగిలిన కుండలు వారమున కొకసారి బోర్లించవలెను. డెంగీ దోమ గ్రుడ్డు దోమయై ఎగురుటకు వారము పది దినములు పట్టును. వారమున కొకమారు నీరు పారబోసినచో ఆ సంతతి అంతటితో ఆగిపోవును. చలికి కిటికీలు మూసినపుడు ఇంటిలో చిక్కిన దోమ బయటికి పోదు. కావున ఈ పని చలికి ముందే జరుగవలెను.

ఇక ఆస్తి మాట. మన రైతునకు హేమంతము పంట ఇంటికి చేరు కాలము. కోసిన వరి కుప్పపడి, కళ్ళములో నూర్పులు జరుగునపుడు మంచు ఒకవైపు, అకాలపు జల్లు ఒకవైపు బెదిరించుచుండును. ప్రభుత్వపు కొనుగోలుకు ధాన్యములో తేమ నూటికి 17 పాళ్ళకు మించరాదు. ఇంట నిలువచేయు ధాన్యమునకు 14 పాళ్ళు, అంతకు తక్కువ యుండుట శ్రేయస్కరము. గింజను పంటికింద పెట్టినపుడు మెత్తగా నొక్కుకొనక పటుక్కున విరుగవలెనని మన పెద్దలు చెప్పిన పరీక్ష నేటికిని పనికివచ్చును. ఉదయపు మంచు విడిచిన పిమ్మటనే ధాన్యము ఆరబోసి, ప్రొద్దు వ్రాలకముందే కుప్పచేసి బరకము కప్పవలెను. ఎండవేడి తగ్గకముందే గాదెలో పోసినచో, రాత్రి గోడ చల్లబడినపుడు లోపలి ఆవిరి నీరై గింజలమీద దిగును. అచ్చటనే బూజు మొదలగును. బస్తాలను నేలమీద గాక బల్లలమీద, గోడకు మూరెడు దూరమున పేర్చవలెను. ఇచ్చటను అదే సూత్రము: వాన రాకుండ మూయవలెను, గాలి ఆడుటకు సందు విడువవలెను.

చెరకు రైతులు గాలివానకు ముందే జడచుట్టు వేయించినచో తోట పడిపోదు. పడిన చెరకునకు ఎలుకల బెడద, రసము తగ్గుట తప్పవు. 1913లోనే అనకాపల్లిలో చెరకు పరిశోధన స్థానము వెలసినదన్నచో ఈ ప్రాంతపు బ్రదుకులో ఆ పంట స్థానమెట్టిదో ఊహింపవచ్చును. నిలువ బెల్లము గాలిలోని చెమ్మను పీల్చి కారును గనుక ముసురు దినములలో దానిని విప్పియుంచరాదు. గడ్డిమేటును ఇంటికి, పశువుల సాలకు దూరముగా, గాలి వాలు చూచి వేయవలెను. చలికాలమున కురియు వాన తక్కువ; గడ్డి ఎండి నిప్పునకు సిద్ధముగా నుండును. మేటు అడుగున ఎలుకలు చేరును, ఎలుకల వెంట పాము వచ్చును. చీకటి మాపున గడ్డి లాగునపుడు దీపము చేతనుండవలెను.

నోరులేని జీవములకు చలి చెప్పుకొనుటకు వీలులేదు. ఎద్దుకన్న గేదెకు, గేదెకన్న దూడకు చలి బాధ యెక్కువ. సాలలో నేల తడిగా నున్నచో పశువు ఒంటివేడి నేలకు పోవును. ఎండుగడ్డి గాని వరిపొట్టు గాని మందముగా పరచి, తడిసినదానిని ప్రతిదినము తీసివేయవలెను. ఉత్తరపు గాలి కొట్టువైపు గోనెపట్టా దిగగట్టి, దానికి ఎదురువైపు పైభాగమున తెరపి విడువవలెను. లేగదూడకు రాత్రివేళ గోనెసంచి తొడుగు వేసి, తెల్లవారి తడిసియున్నచో మార్చవలెను. ఎండుగడ్డి కొంచెము హెచ్చుగా వేయుట మంచిది. పశువు కడుపులో పీచుమేత పులియునపుడు వేడి పుట్టును. సాలలో పొగబెట్టుట దోమలకు మందని కొందరు తలుపులన్నియు మూయుదురు. ఆ పొగ పశువు కండ్లకును ఊపిరితిత్తులకును చేటు.

ఇప్పుడు ఇంటిలోనికి వత్తము. వెచ్చగా నుండుటకు తొలిమార్గము నిప్పు కాదు, పడక. దుప్పటి తనంతట వేడి పుట్టింపదు. మన ఒంటివేడిని పోనీయక ఆపును. ఆపునది నూలు కాదు, నూలు సందున చిక్కిన గాలి. అందుచేత ఒక బరువైన రగ్గుకన్న రెండు తేలిక దుప్పట్లు మేలు. వేసవిలో హాయినిచ్చు నులకమంచము చలిలో క్రిందినుండి గాలి తగిలించును. నులకమీద బొంత పరువక పైన ఎన్ని కప్పుకొన్నను వణకు పోదు. గచ్చుమీద పండుకొనువారు చాప, దానిమీద గోనెపట్టా, దానిమీద బొంత వేసికొనవలెను. ఏడాదిగా మూటగట్టిన బొంతలను కార్తికపు ఎండలో రెండు మూడు దినములు తిరగవేసి ఎండనిచ్చి, దులిపి వాడవలెను. ముక్కు మూసికొనుట, దగ్గు, ఉబ్బసము చాల ఇండ్లలో ఆ మూటల దుమ్ముతోనే మొదలగును.

ముసలివారికి చలి సోకుట తెలియదు. వారి చర్మము ఆ కబురు ఆలస్యముగా చెప్పును. రక్తపుపోటు గలవారు మంచు విడువకముందే నడకకు పోరాదు. పసిపిల్లల సంగతి మరింత సున్నితము. అప్పుడే పుట్టిన శిశువు ఒంటివేడి 36.5 మొదలు 37.5 డిగ్రీల నడుమ నుండవలెను. శిశువునకు వణకి వేడి పుట్టించుకొను శక్తి లేదు. తలనుండియే అధికముగా వేడి పోవును గనుక టోపీ తప్పనిసరి. మొదటి స్నానము కనీసము ఒక దినము ఆగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. శిశువునకు అన్నిటికన్న మంచి కుంపటి తల్లి రొమ్ము. బిడ్డను తల్లి గుండెకు ఆనించి, ఇద్దరిమీద దుప్పటి కప్పుటకన్న మించిన ఉపాయము లేదు. తల్లికి వీలులేనపుడు తండ్రియు అట్లు పెట్టుకొనవచ్చును.

కుంపటి పేరు వచ్చినది గనుక అసలు మాటకు వచ్చితిని. మా చిన్ననాట, పుష్యమాసపు చలిలో, మా ఇంట ఒక కాన్పు జరిగినది. ఆ యేడే మా వారు పాత పెంకుటిల్లు తీసివేసి డాబా కట్టించిరి. బాలింత గదిలో వాడుక చొప్పున మంచము ప్రక్కన బొగ్గుల కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, తలుపు మూసిరి. అర్ధరాత్రివేళ బాలింత తలనొప్పి యనెను, కడుపులో త్రిప్పుచున్నదనెను. "చలిగాలి సోకినది" అని మా నాయనమ్మ మిగిలియున్న ఒక్క కిటికీ రెక్కయు మూసి, కుంపటిలో మరికొన్ని బొగ్గులు వేసెను. ఆమెకు కోడలియందు ప్రేమ లేక కాదు. ప్రేమ చేతనే అట్లు చేసెను. తెల్లవారుజామున వచ్చిన నర్సమ్మ గదిలో కాలు పెట్టగానే తలుపు, కిటికీ తీసి, కుంపటిని తానే పెరటిలోనికి మోసికొనిపోయినది. తల్లిని, బిడ్డను వసారాలోనికి చేర్చి, ఆసుపత్రికి బండి కట్టించినది. ఇద్దరును దక్కిరి. మరియొక గంట గడచినచో ఏమయ్యెడిదో తలచుకొనుటకు నేటికిని మా ఇంట ఎవ్వరును ఇష్టపడరు.

మా నాయనమ్మ అటుపిమ్మట చాల దినములు ఒకే ప్రశ్న వేసెడిది: "నా కాన్పులన్నిటికి కుంపటి పెట్టిరిగదా, అప్పుడేమియు కాలేదేమి?" అది తెలివైన ప్రశ్న. దానికి జవాబు ఇంటికప్పులో నున్నది. పాత పెంకుటింటిలో గోడకును కప్పునకును నడుమ సందుండెడిది. పెంకుల నడుమ సందుండెడిది. తలుపు క్రింద బెత్తెడు ఖాళీ యుండెడిది. ఇల్లే ఊపిరి తీయుచుండెను. డాబా గదికి కప్పులో సందు లేదు, చక్కగా బిగిసిన తలుపులు, అద్దపు కిటికీలు. కుంపటి పాతదే, ఇల్లు క్రొత్తది. పాత యింట చెల్లిన ఆచారము క్రొత్త యింట విషమైనది.

బొగ్గు పూర్తిగా మండుటకు గాలి చాలనపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పొగ కంటిని మండించి మనలను తరిమివేయును; పొగలేని ఎర్రని నిప్పు మాత్రము నమ్మించి చంపును. మన రక్తములో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్ ఈ విషవాయువును ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు మించిన బలముతో అంటిపెట్టుకొనును. అందుచేత గాలిలో అది స్వల్పముగా నున్నను కొన్ని గంటలలో రక్తములో అపాయకరముగా పేరుకొనును. తలనొప్పి, కన్నుతిరుగుడు, వాంతి, ఒడలు సత్తువ లేకపోవుట, మత్తునిద్ర, ఇవి వరుసగా వచ్చును. చలివలన వచ్చు జబ్బును పోలియుండుటచేతనే ఇవి మోసగించును. మోసపోయినవారు తలుపు తెరచుటకు బదులు మరింత బిగించుదురు. ఒక్క గుర్తు చాల ఉపయోగకరము: ఒకే గదిలో నున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి పుట్టినచో, అది చలి కాదు, గాలి. బయటికి వచ్చినంతనే తేలికపడినచో అనుమానమే అక్కరలేదు.

అట్టివేళ చేయవలసినది మొదట తలుపులు తెరచుట, పిమ్మట మనుష్యులను ఆరుబయటికి చేర్చుట, ఆ పిమ్మట 108కి ఫోను చేయుట. కొంచెము తేరుకొన్నారని ఇంటనే పడుకొనబెట్టరాదు. మామూలు గాలిలో రక్తమునుండి సగము విషము పోవుటకు నాలుగైదు గంటలు పట్టును. ఆసుపత్రిలో ముఖమునకు తొడుగు పెట్టి ప్రాణవాయువు ఇచ్చినచో గంట గంటన్నరలో పోవును. గర్భిణులు, పసివారు, గుండెజబ్బు గలవారు ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయరాదు.

కావున నియమము ఒక్కటియే. కుంపటి కావలెనన్నచో వసారాలో కాగవలెను. నిద్రకు ముందు దానిని ఇంటివెలుపల ఆర్పవలెను. నిద్రించు గదిలో నిప్పు ఉండరాదు. గదిని ముందు కుంపటితో వేడిచేసి, నివురుగప్పిన నిప్పును అచ్చటనే విడిచి పండుకొనుట మరింత మోసము. నివురు క్రింద ఆ వాయువు పుట్టుచునే యుండును. మంచు చూచుటకు లంబసింగి పోయి గుడారములలో రాత్రి గడుపువారు లోపల బొగ్గులు పెట్టుకొనుటయు, కారు అద్దములు బిగించి ఇంజను ఆడించుకొని నిద్రించుటయు ఇట్టివే. ఇరుకు స్నానపుగదిలో గ్యాసుతో నీళ్ళు కాచు యంత్రమును బిగించుకొన్నవారు గాలి వచ్చుటకును పోవుటకును కంతలు తప్పక ఉంచవలెను. వీలైనచో ఆ యంత్రమును గది వెలుపలనే పెట్టించుట క్షేమము.

కరెంటుతో నీళ్ళు కాచువారికి మరియొక హెచ్చరిక. బకెట్టులో హీటరు కడ్డీ నుండగా నీరు కాగినదో లేదో యని వ్రేలు ముంచి చూచుట ప్రాణాంతకము. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, కడ్డీ బయటికి తీసిన పిమ్మటనే నీటిని ముట్టవలెను. ఇనుప బకెట్టు వాడరాదు. పిల్లలు తిరుగుచోట దానిని వదలి పోరాదు.

భోగినాటికి చలి ముదురును. వీధిలో భోగిమంట మన వేడుక. తాటాకు ఇంటి చూరునకు, గడ్డిమేటునకు దగ్గరగా వేసినచో అదియే ముప్పు. గాలి దిక్కు చూచి, రెండు బిందెల నీరు దగ్గరపెట్టుకొని, కట్టెతోను పిడకలతోను వేయవలెను. ప్లాస్టిక్కు, టైర్లు వేసినచో ఆ విషపు పొగ, మొదట చెప్పిన మూత క్రిందనే చిక్కి, సూర్యుడెక్కువరకు మన వీధిలోనే తిరుగుచుండును. మనము కాల్చినదానిని మనమే పీల్చెదము.

శివరాత్రికి చలి శివశివా యని పోవునని సామెత. అంతవరకు గడపవలసిన రాత్రులు కొన్ని మాత్రమే. ఆ రాత్రులకు కావలసిన సామగ్రి ఖరీదైనది కాదు: బిగిసిన కప్పు, ఆరిన గోడ, ఎండలో వేసిన బొంత, పొడిగా నున్న సాల. వీనితో ఇల్లు వెచ్చబడును. ఈ రాత్రి పండుకొనబోవుటకు ముందు మీ ఇంట పసివారును ముసలివారును నిద్రించు గదికి ఒకమారు పోయి చూడుడు. అచ్చట నిప్పు ఉన్నచో బయట పెట్టుడు. కిటికీ పైరెక్కను జానెడు మేర తెరచి యుంచుడు. ఆ సందునుండి వచ్చు చలికి మరియొక దుప్పటి కప్పవచ్చును. ఆ సందు లేని గదికి మాత్రము ఏ దుప్పటియు చాలదు.